చెన్నైలో మైక్రోబయాలజీ సీటు పెట్టుకునే ముందు ల్యాబులో ఏం చూడాలి

నీట్ పీజీ ర్యాంకు చేతికొచ్చాక చాలామంది కాలేజీ పేరు, ఫీజు, స్టైపెండు, బాండు చూసుకుని ఆప్షన్లు పెట్టేస్తారు. అవి చూడాల్సినవే. కానీ మూడేళ్ల తర్వాత చేతిలో పని ఉంటుందా, సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుందా అనేది వేరే చోట తేలుతుంది. ప్లేటు (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచే గిన్నె) చదివే రెసిడెంటే (పీజీ చేస్తున్న డాక్టరే) ఆ ఫలితం పట్టుకుని వార్డులో రోగి మంచం దాకా వెళ్తున్నారా? చెన్నైలో ఏ కాలేజీ అయినా ఈ ప్రశ్నతో చూస్తే నిజం ఒక్క పూటలో తెలుస్తుంది. ఎండీ జనరల్ మెడిసిన్ చేసి, ఆపైన సూపర్ స్పెషాలిటీ అయిన డీఎం ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌కి వెళ్లాలనుకునేవాళ్లకూ ఇదే కొలత, కాకపోతే వాళ్లు వార్డు వైపు నుంచి ల్యాబు వైపు చూడాలి.

పక్క రాష్ట్రం నుంచి వచ్చే మనవాళ్లకు దారి ఆల్ ఇండియా కోటా, డీమ్డ్ యూనివర్సిటీలు, ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లు. మొదటి రెండూ కేంద్రం నడిపే ఎంసీసీ కౌన్సెలింగ్‌లోనే వస్తాయి. రౌండ్లు మొదలయ్యాక తిరగడానికి టైముండదు, కాబట్టి షెడ్యూలు రాకముందే ఒకసారి వెళ్లి రండి. నెల్లూరు, తిరుపతి వాళ్లు పొద్దున్నే రైలెక్కి సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు. హెచ్‌ఓడీని (డిపార్ట్‌మెంట్ అధిపతిని) ముందుగా అడిగి, పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య ల్యాబులో ఉండేలా చూసుకోండి. ప్లేట్లు చదివేది ఆ వేళలోనే. మధ్యాహ్నం వెళ్తే ఖాళీ బెంచీలు, రిజిస్టర్లు కనిపిస్తాయి, అంతే.

బెంచి దగ్గర

ముందు యూరిన్ బెంచి దగ్గర నిలబడండి. ప్లేటు ఎవరి చేతిలో ఉందో చూడండి. టెక్నీషియన్ చదివి చెబుతుంటే రెసిడెంట్ రాసుకుంటున్నారంటే అక్కడ నేర్చుకుంటున్నది చేతిరాత. ఫస్టియర్ రెసిడెంట్‌ను మెల్లగా అడగండి: ఈ లూపులో (శాంపిల్ తీసే తీగ ఉంగరంలో) ఎంత పడుతుంది, వంద కాలనీలు (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా చుక్కలు) వస్తే ఎంత అని రిపోర్టు చేస్తారు? ఒక మైక్రోలీటరు లూపు కాబట్టి వంద కాలనీలంటే మిల్లీలీటరుకు లక్ష అని తడుముకోకుండా చెప్పాలి. మూడు రకాల బ్యాక్టీరియా కలిసి పెరిగితే ఏం చేస్తారని కూడా అడగండి. మళ్లీ శాంపిల్ పంపమని వార్డుకు చెబుతామంటే సరే. మూడింటికీ సెన్సిటివిటీ (ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) పెట్టేస్తామంటే అక్కడ ఆలోచన జరగడం లేదు.

తర్వాత సెన్సిటివిటీ బెంచి. ఇక్కడ ఎక్కువసేపు ఉండండి, ఎందుకంటే రోగికి మందు నిర్ణయమయ్యేది ఇక్కడే. సస్పెన్షన్‌ను (బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని) 0.5 మెక్‌ఫార్లాండ్ అనే చిక్కదనపు ప్రమాణంతో పోల్చి సరిచూస్తున్నారా, కంటి అంచనాతో వేసేస్తున్నారా? చేసిన పావుగంటలోపు దాన్ని ప్లేటు మీద పూయాలి. డిస్కులు (మందు పట్టించిన చిన్న కాగితం బిళ్లలు) పెట్టాక మరో పావుగంటలోపు ప్లేటు ఇంక్యుబేటర్లోకి వెళ్లాలి. ప్లేటులో పోసే ముల్లర్ హింటన్ అగార్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. సస్పెన్షన్ చిక్కనైతే జోన్లు (డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాలు) కుంచించుకుపోయి పనిచేసే మందు కూడా రెసిస్టెంట్ అని వస్తుంది. అగార్ పలచనైతే జోన్లు పెద్దవై, పనిచేయని మందు సెన్సిటివ్ అని వస్తుంది. ఈ రెండో తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది. డిస్కుల డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరిస్తే లోపల తేమ చేరుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ఇమిపెనెమ్ డిస్కులు, క్లావులానిక్ ఆమ్లం కలిసిన డిస్కులు అన్నిటికంటే ముందు బలం కోల్పోతాయి.

ఇప్పుడు కంట్రోల్ స్ట్రెయిన్ (ఫలితం ముందే తెలిసిన, పరీక్షను సరిచూసే బ్యాక్టీరియా) చార్టు చూపించమని అడగండి. ఇ.కోలై ఏటీసీసీ 25922, సూడోమోనాస్ ఏటీసీసీ 27853, స్టాఫ్ ఆరియస్ ఏటీసీసీ 25923 ఉండాలి. ఇ.కోలై 25922 మీద జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల డిస్కుకు జోన్ 19 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య రావాలి. చార్టులో నెలంతా 22, 22, 22 అని ఒకే అంకె ఉంటే ఎవరో కూర్చుని నింపినట్టే. ఒకరోజు 17 వచ్చి, పక్కనే కారణం, చేసిన దిద్దుబాటు, సంతకం ఉంటే అది మంచి ల్యాబు. తప్పును దాచని చోటే రెసిడెంట్ తప్పు పట్టుకోవడం నేర్చుకుంటారు.

చివరి ఆయుధంలా వాడే కొలిస్టిన్‌కు సెన్సిటివిటీ ఎలా చేస్తారన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. డిస్కుతోనో, గ్రేడియంట్ స్ట్రిప్పుతోనో చేస్తున్నామంటే ఆ రిపోర్టుకు విలువ లేదు. ఆ మందు అగార్‌లో సరిగ్గా వ్యాపించదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ లాంటి పద్ధతితో ఎంఐసీ (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) కొలవాలి. ఈ పరీక్షల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020 నుంచి కొలిస్టిన్‌కు సెన్సిటివ్ అనే మాటే తీసేసింది. ఎంఐసీ 2 లేదా అంతకు తక్కువైతే ఇంటర్మీడియట్ అనే ఇవ్వాలి. స్టాఫ్ ఆరియస్‌కు వాంకోమైసిన్ కూడా డిస్కుతో చేయకూడదు, ఎంఐసీ కావాలి. ఈ రెండూ తెలియని ల్యాబులో ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా శిక్షణ బలహీనమే.

మెషిన్ల మాట వచ్చింది కాబట్టి: బ్యాక్టీరియాను గుర్తించే వైటెక్, మాల్డీటాఫ్ మెషిన్లు ఉండటం మంచిదే. కానీ రెసిడెంట్ పని కార్డు పెట్టి ప్రింటు తీయడమే అయితే మూడేళ్లు వృథా. దీన్ని తేల్చడానికి మట్టిలోని బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్‌ను మించిన పరీక్ష లేదు. షుగరున్న రైతు వానాకాలంలో జ్వరంతో, న్యుమోనియాతోనో కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలతోనో వస్తాడు. బ్లడ్ కల్చర్‌లో గ్రామ్ నెగటివ్ బ్యాసిల్లై (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా) కనిపిస్తాయి, రెండు కొసల్లో రంగు పట్టి పిన్నీసులా ఉంటాయి. ఆక్సిడేజ్ పాజిటివ్. మొదటిరోజు కాలనీ మామూలుగానే ఉంటుంది, రెండు మూడు రోజులకు ఎండి ముడతలు పడుతుంది. సాధారణంగా జెంటామైసిన్, కొలిస్టిన్ రెండింటికీ రెసిస్టెంట్‌గా ఉండి, అమాక్సిక్లావ్‌కు సెన్సిటివ్‌గా వస్తుంది. సూడోమోనాస్‌లో ఈ కలయిక రాదు. దీన్ని గమనించని ల్యాబు "సూడోమోనాస్ స్పీషీస్" అనో, మెషిన్ చెప్పిందని "బర్ఖోల్డేరియా సెపేసియా" అనో రిపోర్టు పంపేస్తుంది. రోగికి వారం పది రోజుల ఇంజెక్షన్లతో సరిపెట్టి ఇంటికి పంపిస్తారు, జబ్బు తిరగబెడుతుంది. నిజానికి కనీసం రెండు వారాలు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్, ఆ తర్వాత కనీసం మూడు నెలలు కోట్రైమాక్సజోల్ వాడాలి. కిందటేడాది ఎన్ని మెలియాయిడోసిస్ కేసులు రిపోర్టు చేశారని అడగండి. రోజూ వందల శాంపిళ్లు వచ్చే పెద్దాసుపత్రిలో ఏళ్ల తరబడి ఒక్కటీ లేదంటే, జబ్బు లేక కాదు, పట్టుకునే కళ్లు లేక. అనుమానం వచ్చిన ప్లేటును బయోసేఫ్టీ క్యాబినెట్లోనే తెరుస్తారా, బల్ల మీద మూత తీసి వాసన చూస్తారా అన్నది కూడా గమనించండి.

బ్లడ్ కల్చర్, రాత్రి డ్యూటీ

పెద్దవాళ్లకు ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు సెట్లు తీయాలి. రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉంటుంది కాబట్టి 3 మిల్లీలీటర్లు పోసి పంపితే ఉన్న ఇన్ఫెక్షన్ కూడా దొరక్కపోవచ్చు. ఒక్క బాటిలే వచ్చి అందులో కోయాగ్యులేజ్ నెగటివ్ స్టాఫ్ పెరిగితే, అది చర్మం మీదిదా రక్తంలోదా ఎవరూ తేల్చలేరు. ఒక్క బాటిల్‌తో వచ్చేవి ఎన్ని, కంటామినేషన్ (బయటి బ్యాక్టీరియా కలవడం) శాతం ఎంత అని అడగండి. కంటామినేషన్ మూడు శాతం దాటకూడదు. అంకె చెప్పలేకపోతే లెక్కే కట్టడం లేదన్నమాట.

రాత్రి రెండింటికి బాటిల్ పాజిటివ్ అని మోగితే ఎవరు లేస్తారు? గంటలోపు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేసి, డాక్టరుకు ఫోన్ చేసి, విన్నదాన్ని తిరిగి చెప్పించుకుని, పేరు, టైము రాసే రెసిడెంట్ ఉన్నారా? పొద్దున్న చూసుకుంటామనే చోట సెప్సిస్ అంటే ఏమిటో రెసిడెంట్‌కు ఎప్పటికీ తెలియదు.

వార్డులో

నిన్న పాజిటివ్ వచ్చిన ఏ బాటిలైనా తీసుకుని ఆ రోగి గురించి రెసిడెంట్‌ను అడగండి. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉందా, తీశారా, జ్వరం తగ్గిందా, మందు మార్చారా? జవాబు వస్తే ఆ సీటు పైన పెట్టుకోవచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటలకు కల్చర్ చూసి మందు తగ్గించే రౌండ్స్‌కు మైక్రోబయాలజీ వాళ్లు కూడా వెళ్తారా అన్నది కనుక్కోండి. డీఎంకి వెళ్లేవాళ్లు కన్సల్టేషన్లతో పాటు సొంత బెడ్లు ఉన్నాయా, ల్యాబులో ఎన్ని నెలల పోస్టింగు, ఐసీయూ, ట్రాన్స్‌ప్లాంట్, హెచ్‌ఐవీ రోగుల్ని చూసే అవకాశం ఎంత అని అడగాలి.

ఈ చదువుకు చెన్నై తగిన ఊరు. దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో బయటపడ్డది మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పని వల్ల. ఎన్‌డీఎం-1 (బలమైన యాంటీబయాటిక్‌లను కూడా పనిచేయకుండా చేసే ఎంజైము) మీద 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో వచ్చిన అధ్యయనంలో చెన్నై శాంపిళ్లు ఉన్నాయి. 2012లో వైద్య సంఘాలు కలిసి యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద చెన్నై డిక్లరేషన్ తెచ్చాయి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్, చేట్‌పట్‌లో క్షయ పరిశోధన సంస్థ, తాంబరంలో ఛాతీ ఆసుపత్రి ఇక్కడివే. కాలేజీ రెసిడెంట్లను ఇలాంటి చోట్లకు పోస్టింగు మీద పంపుతుందా, కాగితం మీదే చూపిస్తుందా అని సీనియర్లను విడిగా అడగండి. హెచ్‌ఓడీ ముందు అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

తమిళం గురించి భయం అక్కర్లేదు, కానీ నిర్లక్ష్యమూ పనికిరాదు. "కాచ్చల్ ఎత్తనై నాళా ఇరుక్కు?" అని జ్వరం ఎన్నాళ్ల నుంచో అడగగలిగితే హిస్టరీ సగం వచ్చినట్టే. ఇంకొకరి చేత అడిగించుకునే ఇన్ఫెక్షన్ డాక్టరుకు పొలంపని, పశువులు, చెరువునీళ్ల సంగతులు చెవినపడవు.

చేరాక లోటు కనిపిస్తే

అన్నీ ఉన్న సీటు అరుదు. లోటున్న చోట కూడా చేయగలిగింది చాలా ఉంది. ఈక్యాస్ (ల్యాబు నాణ్యతను బయటివాళ్లు పరీక్షించే పథకం) శాంపిళ్లు వచ్చినప్పుడు ల్యాబు జవాబు చూడకముందే మీ జవాబు రాసి కవరులో పెట్టి, ఫలితం వచ్చాక పోల్చుకోండి. పారాసిటాలజీ, మైకాలజీ బెంచీలు చాలాచోట్ల డల్‌గా ఉంటాయి, కాబట్టి దొరికిన ప్రతి మంచి స్లైడును దాచుకోండి. లాగ్‌బుక్‌లో "200 గ్రామ్ స్టెయిన్లు" అని రాసి వదిలేయకుండా, రోగికి చివరికి ఏమైందో ఒక్క లైను చేర్చండి.

ఆసుపత్రి యాంటీబయోగ్రామ్ (ఏ బ్యాక్టీరియా మీద ఏ మందు ఎంత శాతం పనిచేస్తోందో చూపే పట్టిక) తయారుచేసే పని మీరే అడిగి తీసుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ వారి హూనెట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక రోగి నుంచి ఒక జాతి బ్యాక్టీరియాకు మొదటి ఐసొలేటునే (శాంపిల్ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియానే) లెక్కలోకి తీసుకోవాలి. ఏ బ్యాక్టీరియా అయినా 30 ఐసొలేట్లు లేకపోతే శాతం ఇవ్వకూడదు. ఐసీయూలో నెలరోజులున్న ఒకే రోగి నుంచి వచ్చిన ఎనిమిది క్లెబ్సియెల్లాలను ఎనిమిదిగా లెక్కేస్తే రెసిస్టెన్స్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి వార్డువాళ్లు అవసరం లేని చోట కూడా కార్బపెనెమ్‌లు (మెరోపెనెమ్ లాంటి బలమైన మందులు) మొదలుపెడతారు.

జిల్లా ఆసుపత్రిలో చేసే మూడు నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీని సెలవుల్లా గడపొద్దు. డెంగ్యూ, లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్ మొదట కనిపించేది జిల్లా ఆసుపత్రుల్లోనే. మెషిన్లు తక్కువ ఉన్న చోట స్మియర్ చదవడం బాగా వస్తుంది. థీసిస్‌కు ఏదో బ్యాక్టీరియా ఎంత శాతం ఉందని లెక్కించే అంశం కాకుండా, గ్రామ్ స్టెయిన్ ఫోన్ చేశాక మందు మార్చడానికి ఎన్ని గంటలు పట్టిందన్న లాంటి ప్రశ్న తీసుకుంటే, దానికోసమైనా రోజూ వార్డుకు వెళ్లాల్సి వస్తుంది. ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పడుతుంది కాబట్టి ఫస్టియర్ మొదట్లోనే గైడుతో కూర్చుని ప్రశ్న ఖాయం చేసుకోండి.