పాత కార్డుల సేకరణ, 4వ పాఠం: లేబుల్ మూసి కార్డు చూడటం

గత పాఠంలో చెన్నై తేమకు పాత అట్ట ఎలా వంగుతుందో, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఎక్కడ పెట్టాలో చూశాం. ఈ వారం పని మీ కళ్లకు. కావాల్సినవి మూడే: మిల్లీమీటర్ల గీతలు స్పష్టంగా ఉన్న స్టీలు స్కేలు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక నోటుపుస్తకం.

ఈ పద్ధతి నాకు నేర్పింది పెరంబూరులో ఉండే మా బాబాయి. న్యూజెర్సీ నుంచి మా అన్నయ్య తెచ్చిన రెండు టీ206 కార్డులను ఆయన ఒక ఆదివారం కిటికీ దగ్గర బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. 1909 నుంచి 1911 వరకు అమెరికాలో సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బేస్‌బాల్ కార్డులివి. మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండవు. చుట్టూ తెల్లని అంచు, మధ్యలో ఆటగాడి బొమ్మ. రెండూ పీఎస్ఏ (కార్డులు చూసి 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ) గ్రేడ్ చేసి, స్లాబ్ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినవే. ఒకదాని లేబుల్ మీద 5, ఇంకోదాని మీద 2.

"ఒకటి నీకిస్తా, ఏది కావాలి?" అన్నాడు. నేను 5 వైపు చెయ్యి చాపాను. ఆయన రెండు లేబుళ్లనూ అరచేతులతో మూసేసి, "ఇప్పుడు చూసి చెప్పరా" అన్నాడు.

అప్పుడు కనిపించింది. 5 వచ్చిన కార్డులో బొమ్మ ఎడమకు జరిగిపోయి ఉంది, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక మొహం మసకబారింది. 2 వచ్చిన కార్డులో ఆటగాడి వెనక నారింజ రంగు ఆకాశం నిన్న అచ్చు వేసినంత నిండుగా ఉంది, నాలుగు వైపులా అంచు సమానంగా ఉంది. మరి 2 ఎందుకు? తిప్పి చూస్తే తెలిసింది. ఎవరో ఎప్పుడో ఆల్బంలో అంటించి పీకారు. వెనక కాగితం పొర గోరంత మేర లేచిపోయింది. ముందువైపు దాని ఛాయ కూడా లేదు.

గ్రేడ్ అనేది కార్డులోని లోపాల లెక్క. మూలలు, అంచులు, ఉపరితలం, సెంటరింగ్ (బొమ్మ అంచుల మధ్య ఎంత సమంగా కూర్చుందో) చూస్తారు. బెకెట్ అనే ఇంకో గ్రేడింగ్ సంస్థకైతే ఈ నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేసే పద్ధతి కూడా ఉంది. ఒక్క పెద్ద లోపం ఉంటే మిగతావన్నీ బాగున్నా అంకె కిందికి దిగుతుంది. ఆ లోపం వెనక ఉందా, ఆటగాడి మొహం మీదే ఉందా అన్నది అంకె చెప్పదు. రంగు ఎంత నిండుగా ఉందో చెప్పే గడి లేబుల్ మీద లేనే లేదు.

ఇప్పుడు స్కేలు తీయండి. ఎడమ అంచు 1 మి.మీ., కుడి అంచు 4 మి.మీ. అనుకోండి. మొత్తం 5. అంటే నూటికి 80/20. చేతిలో పట్టుకోగానే ఒరిగినట్టు తెలిసిపోతుంది. అయినా పీఎస్ఏ నియమాల్లో 5 గ్రేడ్‌కు ముందువైపు 85/15 వరకు చెల్లుతుంది. 7కు 70/30, 9కు 60/40. పై అంచు, కింది అంచు కూడా ఇలాగే కొలవండి. నా మట్టుకు 65/35 దాటితే బొమ్మ కంటికి ఇబ్బందిగానే ఉంటుంది. మీ కన్ను ఎక్కడ ఒప్పుకోదో మీరే పది కార్డులు కొలిచి కనుక్కోండి, ఆ గీత ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది.

అలాగని గ్రేడర్లను పక్కన పెట్టేయకండి. కంటికి అందంగా కనబడాలనే కొందరు పాత కార్డుల అంచులు కత్తిరిస్తారు, దాంతో అరిగిన మూలలు మళ్లీ పదునెక్కుతాయి. దీనికి గ్రేడర్లూ మోసపోయారు. 1991లో మొదలైన పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డే హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి టీ206. దానికి 8 ఇచ్చారు. ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. అందుకే మరీ పదునైన మూలలున్న పాత కార్డు దొరికితే ముచ్చటపడే ముందు అదే సెట్‌లోని మామూలు కార్డు పక్కన పెట్టి కొలవండి. భూతద్దంలో అంచు చూడండి. వందేళ్ల అట్టకు మామూలుగా నాలుగు అంచులూ అంతో ఇంతో అరిగి ఉంటాయి, ఒక్కటే తెల్లగా, నున్నగా ఉంటే వదిలేయండి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోలో వెలుగు పెంచితే మాసిన కార్డు కూడా మెరుస్తుంది. పగటి వెలుతురులో, ముందూ వెనకా, కార్డును కాస్త ఏటవాలుగా పట్టి తీసిన ఫొటోలు అడగండి. "చూడ్డానికి అద్భుతం" అని మాత్రమే రాసి వెనకవైపు చూపించని అమ్మకందారు దగ్గర నేను కొనను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మీరు తిరిగి అమ్మేద్దామని కొంటుంటే అంకెను గౌరవించాల్సిందే, ఎందుకంటే 8కీ 9కీ మధ్య ధర ఒక్కసారిగా ఎగురుతుంది. దగ్గర ఉంచుకోవడానికైతే 2, 3 గ్రేడుల్లోనే వెతకండి. వెనక జిగురు మచ్చ, ముందు నిండు రంగు ఉన్న కార్డులు అక్కడే చవగ్గా దొరుకుతాయి.

ఇంటిపని: మీ దగ్గరున్న ఐదు కార్డులు తీయండి, స్లాబ్ ఉన్నా లేకపోయినా సరే. లేబుల్ మీద కాగితం అంటించండి. చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని పది సెకన్లు చూసి, మీకు నచ్చిన వరసలో పేర్చి నోటుపుస్తకంలో రాయండి. తర్వాత సెంటరింగ్ కొలవండి, వెనక తిప్పండి, చివరికి కాగితం తీయండి. మీ వరస, లేబుల్ వరస ఎక్కడ విడిపోయాయో అక్కడ ఒక వాక్యం రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో ఆ వాక్యాలతోనే పని మొదలుపెడదాం.

ఆ రోజు నేను 2 తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, ఎండ తగలని వైపు.