తొట్టిలో అజొల్లా: ఒక జీవి సంతతి పెరుగుదలను ఇంట్లోనే కొలిచే విధానం

పాడి రైతులు పశువుల మేతకు పెంచే, నీటిపై తేలే చిన్న మొక్క అజొల్లా గుప్పెడు, నీడపట్టున ఒక తొట్టి, గ్రాములు తూచే చిన్న త్రాసు ఉంటే, ఒక జీవి సంతతి ఎలా పెరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో నెల తిరగకుండానే చూడవచ్చు.

సుమారు 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టిలో కిలో జల్లించిన మట్టి పరిచి, 150 గ్రాముల పేడను నీళ్లలో కలిపి పోసి, 2 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ ఎరువు చల్లి, 10 సెం.మీ. ఎత్తున నీరు నింపాలి. మట్టి అడుగుకు దిగాక 20 గ్రాముల అజొల్లా వేయాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే అది ఎర్రబారుతుంది.

మొక్కలను లెక్కపెట్టే ప్రయత్నం చేయవద్దు. తల్లి మొక్క నుంచి కొమ్మ తెగితే అదే వేరే మొక్క కనుక ఏది పిల్లో, ఏది కొమ్మో తేల్చడం కష్టం. దీనికి జత అక్కర్లేదు, రుతువుతోనూ అంతగా పనిలేదు. శీలావతి చేప అలా కాదు. లక్షల గుడ్లు పెట్టగలిగినా, నిలవనీటి చెరువులో మామూలుగా గుడ్లే పెట్టదు, వర్షాకాలపు పారే నీరు కావాలి. ఏనుగైతే దాదాపు 22 నెలలు మోసి సాధారణంగా ఒక్క గున్ననే ఈనుతుంది.

అందువల్ల బరువే కొలత. రెండు రోజులకోసారి మొత్తం జల్లెడలోకి తీసి, అయిదు నిమిషాలు నీరు ఓడ్చి, తూచి, తిరిగి తొట్టిలో వేయాలి. నీరు ఓడ్చే సమయం ప్రతిసారీ ఒకేలా లేకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. ఎనిమిది రోజుల్లో 20 గ్రాములు 80 అయితే, రెండుసార్లు రెట్టింపైంది కాబట్టి రెట్టింపు కాలం నాలుగు రోజులు.

బరువులను గ్రాఫు కాగితంపై గుర్తిస్తే గీత మొదట మెల్లగా, తర్వాత నిటారుగా లేచి, తొట్టి నిండాక చదునవుతుంది. నీటిపై చోటు చాలక మొక్కలు ఒకదానిపై ఒకటి పేరుకుని, అడుగువి వెలుతురు అందక కుళ్లడమే ఇందుకు ముఖ్య కారణం. గీత అత్యంత నిటారుగా ఉండేది గరిష్ఠ బరువులో సుమారు సగం దగ్గర. మేతకు పెంచేవారికి ఈ ప్రయోగంలో పనికొచ్చే ముక్క ఇదే. తొట్టి పూర్తిగా నిండేదాకా ఆగకుండా, బరువు గరిష్ఠంలో సగం దాటిన ప్రతిసారీ పైభాగాన్ని తీసి మళ్లీ సగానికి తేవాలి. పది రోజులకోసారి నాలుగో వంతు నీరు మార్చి, కొద్దిగా పేడనీళ్లు పోస్తే సరిపోతుంది.