బియర్డెడ్ డ్రాగన్‌ను (ఆస్ట్రేలియాకు చెందిన పెంపుడు బల్లి) ఇంటికి తెచ్చే ముందు జాగ్రత్తలు

• "పాతకాలపు జీవి, దానికి నొప్పేం తెలుస్తుంది" అనే మాట నమ్మకండి. మనలాగే అదీ కోట్ల ఏళ్లుగా మారుతూ వచ్చింది. బాధా, భయమూ దానికీ ఉన్నాయి.

• "ఎడారి బల్లేగా, అనంతపురం ఎండకు అదే అలవాటు పడుతుంది" అనకండి. పరిణామం తరతరాలుగా జరిగేది, ఒక్క బల్లికి ఒక్క వేసవిలో జరగదు. ఆస్ట్రేలియాలో అది ఎండ కాచుకుని నీడకు పోతుంది. అందుకే దాన్ని ఉంచే పెట్టెలో ఒక చివర 40 డిగ్రీలుంటే, రెండో చివర 25-28 ఉండాలి. మే నెలలో గదంతా 40 దాటితే పాపం ఎక్కడికి పోతుంది? చల్లని మూలలో కూడా నోరు తెరుచుకునే ఉంటే వేడి ఎక్కువైనట్టే, వెంటనే గది చల్లబరచండి.

• యూవీబీ లైటు (ఎముకల బలానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలనిచ్చేది) ముందే బిగించండి. కిటికీ అద్దంలోంచి పడే ఎండతో సరిపోదు, ఎముకలు మెత్తబడతాయి.

• దీనికి బదులు నక్షత్ర తాబేలు, ఉడుము తెచ్చుకోవడం అసలే వద్దు. వాటిని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.