లిలీ మర్లీన్: ఏ రికార్డు ముందు వినాలి

ఆదివారాలు మా ఇంటికి పాత పాటలు వినడానికి వచ్చేవాళ్లలో చాలామందికి "లిలీ మర్లీన్" అనే జర్మన్ పాట అంటే హాలీవుడ్ నటి మార్లీన్ డీట్రిక్ గొంతే. ఆవిడతో మొదలుపెట్టొద్దని అందరికీ చెబుతాను. ముందు జర్మన్ గాయని లాలె ఆండర్సన్ 1939లో పాడిన రికార్డు వెతకండి. ఆవిడే తర్వాత కూడా మళ్లీ పాడింది కాబట్టి సంవత్సరం చూసుకోండి.

పెట్టే ముందు సాహిత్యం అర్థంతో సహా చదవాలి, అయిదు చరణాలూ. హాన్స్ లైప్ 1915లో బెర్లిన్‌లో సైనికుడిగా కాపలా కాస్తూ, రష్యా యుద్ధరంగానికి వెళ్లే ముందు రాసుకున్న కవిత ఇది. ఇద్దరమ్మాయిల పేర్లు కలిపి ఒకే పేరు చేశాడు. 1937లో అచ్చయింది, 1938లో నార్బర్ట్ షుల్ట్స బాణీ కట్టాడు.

ఆండర్సన్ రికార్డు మొదట్లోనే బ్యూగుల్ వినిపిస్తుంది, రాత్రి సైనికులను బ్యారక్‌లోకి పిలిచే బాకా అది. దాన్ని దాటేసి ముందుకు జరపకండి, కథంతా అక్కడే ఉంది. బ్యారక్ గేటు ముందు దీపస్తంభం కింద అబ్బాయీ అమ్మాయీ నిలబడ్డారు. బ్యూగుల్ ఊదేశారు, ఆలస్యమైతే మూడు రోజుల శిక్ష పడొచ్చు అని కాపలావాడు కేకేస్తాడు. వాళ్లు విడిపోవాల్సింది ఆ శబ్దానికే. చివరి చరణంలో ఆ కుర్రవాడు మట్టిలోంచి కలలా లేచి, పొగమంచులో మళ్లీ ఆ దీపం దగ్గరికి వస్తానంటాడు. ఈ చరణం లేని రికార్డింగులు ఉన్నాయి. మొదటిసారి వినేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

బాణీలో ఏడుపు వెతక్కండి. అది నడక పాట. వేలితో టేబుల్ మీద తాళం వేస్తే ఎడమ కాలు, కుడి కాలు తెలిసిపోతాయి. అంత దుఃఖాన్ని నడకలో పెట్టడమే దీని గొప్పతనమని నా నమ్మకం.

సౌండ్ తగ్గించి, రాత్రిపూట, చిన్న స్పీకర్‌లో వినండి. సైనికులు విన్నది అలాగే. విడుదలైనప్పుడు ఈ రికార్డును పట్టించుకున్నవాళ్లే తక్కువ. 1941లో జర్మన్లు బెల్‌గ్రేడ్‌ను ఆక్రమించి అక్కడ సైనికుల రేడియో పెట్టారు. చేతిలో ఉన్న కొద్ది రికార్డుల్లో ఇదొకటి. రోజూ రాత్రి పదికి కాస్త ముందు వేసేవారు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ సేనాని రోమెల్ సైనికులు విన్నారు, ఎదురుగా ఉన్న బ్రిటిష్ ఎయిత్ ఆర్మీ కూడా విన్నది. మన నాలుగో భారత డివిజన్ ఆ ఆర్మీలోదే. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు మాత్రం ఈ పాట గిట్టలేదు. 1942లో ఆండర్సన్‌ను వేదిక ఎక్కకుండా నిషేధించారు.

ఆ తర్వాత 1944 నాటి ఇంగ్లీషు పాట, యాన్ షెల్టన్ గొంతులో. టామీ కానర్ రాసిన మాటల్లో ఆ మట్టి చరణం లేదు, బిల్లెట్‌లో, అంటే సైనికుల తాత్కాలిక బసలో, పడుకుని కలగనడంతో ముగుస్తుంది. వినసొంపుగా ఉంటుంది గానీ నాకు ఎప్పుడూ ఏదో తగ్గినట్టే ఉంటుంది.

డీట్రిక్ ఇప్పుడు. ఇంగ్లీషుది కాదు, జర్మన్‌ది. జర్మనీ వదిలి 1939లో అమెరికా పౌరురాలైన మనిషి, 1944లో అమెరికా గూఢచారి శాఖ ఓఎస్ఎస్ కోసం, జర్మన్ సైనికులకు ప్రసారం చేయడానికి వాళ్ల పాటనే వాళ్ల భాషలో పాడింది. ఇది తెలిసి వింటే ఆ బరువైన గొంతు వేరుగా వినపడుతుంది.

ఆండర్సన్, డీట్రిక్ వెంటవెంటనే పెట్టకండి. మధ్యలో పది నిమిషాలైనా వదలండి.