అప్లై చేస్తున్నా కాల్స్ రావట్లేదా? ముందు రెజ్యూమేని నోట్‌ప్యాడ్‌లో చూడండి

సమస్య: నౌకరీ.కామ్, లింక్డ్‌ఇన్, కంపెనీల కెరీర్ పేజీలు... అన్నిచోట్లా అప్లై చేస్తున్నారు, ఒక్క కాల్ కూడా రావట్లేదు. బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం పీజీల్లో మనవాళ్లు చాలామంది ఈ దశలోనే టెన్షన్ పడిపోయి ఇంకో కోర్సుకి ఫీజు కట్టేస్తున్నారు. దయచేసి ఆగండి.

మొదట నౌకరీలో మీ ప్రొఫైల్ తెరవండి. అందులో ఉన్నది ఇప్పుడు మోగే నంబరేనా? ఊళ్లో వాడి వదిలేసిన సిమ్ నంబర్ కాదు కదా? బెంగళూరు వచ్చేశాక కూడా లొకేషన్ అనంతపురమనే ఉందా? రిజైన్ చేశాక కూడా నోటీస్ పీరియడ్ 3 నెలలనే చూపిస్తోందా? రిక్రూటర్లు నౌకరీలో లొకేషన్, నోటీస్ పీరియడ్‌లతో కూడా వడపోస్తారు. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి మిగతావన్నీ చూస్తారు.

అవన్నీ సరిగ్గానే ఉన్నాయంటే, అసలు దొంగ రెజ్యూమే ఫైల్లో ఉండొచ్చు. కంపెనీ సైట్‌లో రెజ్యూమే అప్‌లోడ్ చేయగానే ఫారం దానంతటదే నిండుతుంది కదా, అక్కడ చూడండి. కంపెనీ పేరు రావాల్సిన గడిలో "జావా, స్ప్రింగ్ బూట్" అని పడిందా? చాలామంది విసుక్కుంటూ చేత్తో సరిచేసి సబ్మిట్ కొట్టేస్తారు. దొరికిన ఆధారాన్ని చేతులారా చెరిపేసుకోవడమే అది.

తరచూ కారణం: రెండు కాలమ్‌ల టెంప్లేట్. కంటికి అందంగానే ఉంటుంది. కానీ కంపెనీలు రెజ్యూమేలు చదవడానికి వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ కాలమ్ లైన్‌ని, కుడి కాలమ్ లైన్‌ని కలిపి ఒకే వాక్యంలా చదివేస్తాయి. స్కిల్స్ పక్కన గీసిన బార్లు, చుక్కలు వాటికి అర్థమే కావు. వర్డ్‌లో పేజీ పైఅంచున విడిగా ఉండే హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబర్‌ని కొన్ని పట్టించుకోవు. అలాంటప్పుడు మిమ్మల్ని ఎవరూ రిజెక్ట్ చేసి ఉండకపోవచ్చు. రిక్రూటర్ వెతికినప్పుడు మీ పేరు పైకి వచ్చి ఉండదు, అంతే.

పరీక్ష తేలిక. పీడీఎఫ్ తెరిచి, కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే అది ఫొటోలా సేవ్ అయిన ఫైల్ అయ్యుండొచ్చు. వాక్యాలు కలగాపులగంగా వస్తే టెంప్లేటే కారణం కావొచ్చు.

పరిష్కారం: వర్డ్‌లో ఒకే కాలమ్‌లో మళ్లీ రాయండి. టేబుల్స్, టెక్స్ట్ బాక్స్‌లు వద్దు. పేరు, నంబర్, మెయిల్ హెడర్‌లో కాకుండా పేజీ మీదే మొదటి లైన్లలో ఉండాలి. "ఎక్స్‌పీరియన్స్", "స్కిల్స్", "ఎడ్యుకేషన్" లాంటి మామూలు హెడ్డింగులు చాలు. పీడీఎఫ్‌గా సేవ్ చేసి మళ్లీ అదే పరీక్ష పెట్టండి. తర్వాత నౌకరీలో పాత ఫైల్ తీసేసి కొత్తది ఎక్కించండి. లింక్డ్‌ఇన్ ఈజీ అప్లైలో పాత ఫైలే ఎంపికై ఉండొచ్చు, ప్రతిసారీ చూసుకోండి.

ఫాంట్ వల్ల అక్షరాలు మాయమవడం, పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉండిపోవడం అరుదు. ఉంటే ఈ పరీక్షలోనే బయటపడతాయి. డబ్బిస్తే కాల్స్ తెప్పిస్తామనే కన్సల్టెన్సీలకు రూపాయి కూడా ఇవ్వకండి.

నోట్‌ప్యాడ్‌లో అంతా శుభ్రంగా వచ్చినా కాల్స్ లేకపోతే, అప్పుడు జాబ్ డిస్క్రిప్షన్ పక్కన పెట్టుకుని, అందులో అడిగినవాటిలో మీకు నిజంగా వచ్చినవి రెజ్యూమేలో అదే పేర్లతో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడండి.