ఎద్దుకాలు ఫిడేలును వాయించే పద్ధతి

నైరుతి చైనాలోని గుయ్‌జౌ, దాని పొరుగున ఉన్న గువాంగ్‌శీ కొండపల్లెల్లో నివసించే దోంగ్ ప్రజలు న్యూత్వేచిన్ అనే రెండు తీగల వాద్యాన్ని కమానుతో వాయిస్తారు. ఆ చైనా పేరుకు అర్థం ఎద్దుకాలు ఫిడేలు. సన్నగా సాగిన దాని ఆకారమే ఆ పేరుకు కారణం. 2009లో యునెస్కో జాబితాకెక్కిన దోంగ్ బృందగానంలో వాద్యాలు ఉండవు. ఈ ఫిడేలు ప్రేమగీతాలకూ కథాగేయాలకూ తోడుగా నిలిచేది కనుక, గొంతును మించి మోగకూడదన్న సంగతిని మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవాలి.

చెన్నైలో కర్ణాటక వయొలిన్ నేర్చిన తెలుగువారికి శ్రుతి చేయడం కష్టం కాదు. లావు తీగను షడ్జమానికీ (స), సన్న తీగను దానిపై పంచమానికీ (ప) కూర్చాలి. ఆ షడ్జమం ఎక్కడ ఉండాలో పాడేవారి గొంతే నిర్ణయిస్తుంది. వాద్యం చేతికందేదాకా మన వయొలిన్ మీద మంద్ర షడ్జమ, పంచమాలైన నాలుగో, మూడో తీగలతో సాధన చేయవచ్చు.

అసలు ఇబ్బంది కూర్చునే తీరుతో మొదలవుతుంది. మనం నేలమీద కూర్చుని, వయొలిన్ కొసను కుడి చీలమండ మీద ఆనించుకుంటాం. బరువును కాలు మోస్తుంది కనుక ఎడమచేయి తీగ వెంట స్వేచ్ఛగా జారుతుంది, స్వరాన్ని ఊపి, జార్చి పలికించే మన గమకాలన్నీ ఆ స్వేచ్ఛ మీదే నిలిచాయి. న్యూత్వేచిన్‌ను మాత్రం ఎడమ రొమ్ముకు ఆనించి, మెడను ఎడమచేతితోనే పట్టుకోవాలి. మోసే చేతికి జారడం కుదరదు. కనుక వేళ్లను స్వరస్థానం మీద నేరుగా ఉంచి, నేరుగా ఎత్తడమే పద్ధతి; జారుడు కోసం పట్టుబడితే వాద్యం కదిలి అపస్వరం పలుకుతుంది. ఏళ్ల తరబడి అలవాటైన కంపితాన్ని, అంటే స్వరాన్ని ఊపే గమకాన్ని, మానుకోవడం నిజానికి కొత్త విద్య నేర్వడం కన్నా కష్టమని నా అభిప్రాయం.

చైనాలోనే ప్రసిద్ధమైన అర్హూ అనే రెండు తీగల వాద్యంలో కమాను వెంట్రుకలు తీగల మధ్య ఉంటాయి. ఇక్కడ మాత్రం వయొలిన్‌లో మాదిరే కమాను పైనుంచి తగులుతుంది. రెండు తీగలనూ కలిపి మోగించడం ఈ వాద్యపు అలవాటు కాబట్టి, మొదటి వారం వేళ్లు పెట్టకుండా, రెండూ సమానంగా పలికేదాకా నిదానమైన పొడవు కమానులే వేయాలి. ఒక తీగ మూగబోతే చేతి బలం పెంచకుండా మోచేతి ఎత్తును సవరించాలి. తరువాత చూపుడు వేలితో సన్న తీగ మీద ఒక్కొక్క స్వరం కలుపుతూ, లావు తీగను తంబురాలా వదిలివేయవచ్చు.

చేయి కుదిరాక ఏ జోలపాటనైనా మెల్లగా పాడుతూ వాయించి చూడండి. మాట వినబడకపోతే కమానును తేలిక చేయండి. చెన్నై ఉప్పుగాలికి ఉక్కు తీగలు త్వరగా తుప్పు పడతాయి కనుక, సాధన ముగియగానే చెమటను, కమానుకు రాసే రోజిన్ పొడిని తడిలేని నూలుగుడ్డతో తుడిచి, కమానును వదులు చేసి దాచాలి.