స్కూబాలో స్పేర్ గాలి: ఆక్టోపస్ సరిపోతుందా, పోనీ సిలిండర్ కావాలా?

హనుమకొండ, కాజీపేట నుంచి అండమాన్‌కో వైజాగ్‌కో పోయి స్కూబా డైవింగ్ కోర్సు చేసొచ్చినవాళ్లు చాలామంది, ఆక్టోపస్ (గాలి పీల్చే రెండో మౌత్‌పీస్) ఉంది కాబట్టి స్పేర్ ఉన్నట్టే అనుకుంటారు. ఆక్టోపస్ అసలు మీ బడ్డీ (జోడీగా దిగే డైవర్) కోసం. అది కూడా మీ ఫస్ట్ స్టేజ్‌కే (సిలిండర్ మీద బిగించి గాలి పీడనం తగ్గించే భాగం), మీ సిలిండర్‌కే తగిలించి ఉంటుంది. నోట్లో ఉన్న సెకండ్ స్టేజ్ (మౌత్‌పీస్ ఉండే భాగం) ఒక్కటే పాడైతే ఆదుకుంటుంది. గాలి అయిపోతే మాత్రం రెండూ ఒకేసారి ఆగిపోతాయి, ఇక బడ్డీ ఆక్టోపస్సే గతి.

కాబట్టి ముందు చూడాల్సింది బడ్డీ అందుతాడా లేదా అని. నీళ్లు తేటగా ఉండి, 18 మీటర్లు దాటని డైవ్‌లకు ఆక్టోపస్ చాలు. పాకాల, లక్నవరం లాంటి చెరువుల్లోనో వానాకాలం గోదావరిలోనో గాలింపుకు దిగేవాళ్లకు అది పనికిరాదు. అడుగు బురద లేచిందంటే చాచిన చెయ్యే కనబడదు. అట్లాంటి చోట, 30 మీటర్లకు పోయేచోట కూడా, పోనీ, అంటే విడి రెగ్యులేటర్ (ఫస్ట్, సెకండ్ స్టేజ్‌లు) ఉన్న చిన్న విడి సిలిండర్, ఉండాల్సిందే.

ఇక సైజు. 30 మీటర్ల లోతులో పీడనం 4 బార్. గాభరా పడ్డ మనిషి ఉపరితలం లెక్కన నిమిషానికి 30 లీటర్లు పీలుస్తాడనుకుంటే, అక్కడ 120 లీటర్లు కావాలి. తేరుకోవడానికి ఒక నిమిషం: 120. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి సుమారు 230. అక్కడ 3 నిమిషాలు ఆగితే 135, పైకి తేలడానికి ఇంకో 20. మొత్తం 505. 200 బార్ నింపిన 3 లీటర్ల పోనీలో 600 ఉంటుంది, సరిపోతుంది. 2 లీటర్లదైతే 400. 18 మీటర్ల వరకే నమ్మండి. చేతిలో ఇమిడే, 85 లీటర్ల గాలి పట్టే బుల్లి సీసా 30 మీటర్ల దగ్గర ముప్పావు నిమిషం కూడా రాదు. దాని మీద డబ్బు పెట్టకపోవడమే మేలు. పోనీ గాలిని డైవ్ ప్లాన్‌లో ఎప్పుడూ కలపొద్దు.

పెద్ద సిలిండర్‌కు కట్టడం కన్నా ఎడమ పక్కన బోల్ట్ స్నాప్‌లతో (కొక్కేలతో) వేలాడదీయడం నయం: వాల్వ్ చేతికందుతుంది, లీకైతే బుడగలు కళ్లముందే కనబడతాయి. గేజ్ (గాలి పీడనం చూపే మీటరు) విడిగా ఉండాలి. వాల్వ్ తెరిచే ఉంచి, మౌత్‌పీస్ కిందికి తిప్పి, సెకండ్ స్టేజ్ మీది లివర్ (గాలి ధార సర్దే మీట) ప్రీ-డైవ్ మీద పెట్టాలి. మౌత్‌పీస్ పైకి తిరిగి ఉంటే దూకగానే గాలి బుసబుసా పోతుంది. పొరపాటున పోనీనే నోట్లో పెట్టుకుని దిగడం అందరూ చేసే తప్పు. దానికి తడిమితే తేడా తెలిసే మౌత్‌పీస్ వేయండి.

నింపించడం శ్వాస గాలి కంప్రెసర్ ఉన్న డైవ్ సెంటర్‌లోనే. వెల్డింగ్ షాపులోనో, దవాఖానలకు సప్లై చేసేటోళ్ల దగ్గరో ఆక్సిజన్ పట్టించొద్దు. శుద్ధ ఆక్సిజన్ 6 మీటర్లు దాటితే మూర్ఛ తెప్పించగలదు. నింపిన సీసాను రైలెక్కనియ్యరు. విమానానికైతే ఖాళీ చేసి వాల్వ్ విప్పాలి. కొనేముందు సీసా భుజం మీద కొట్టిన హైడ్రో టెస్ట్ (నీటి పీడన పరీక్ష) తేదీ చూసుకోండి.

దిగేముందు ఒడ్డున పోనీ నుంచి నాలుగు గట్టి శ్వాసలు తీస్తూ గేజ్ మీదే కన్ను పెట్టండి. శ్వాస శ్వాసకూ ముల్లు పడి లేస్తుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు.